సుబ్బి పాత్ర ఎవరు చదువుతారు?

పుస్తకాల క్లబ్బు అనగానే మీ కళ్ల ముందు ఏం కనబడుతుంది? ఒక కాఫీ షాపు, నాలుగు కళ్లజోళ్లు, 'ఈ రైటర్ నాకు ఎందుకో కనెక్ట్ కాలేదబ్బా' అనే ఒక డైలాగు. అంతేగా! మాదీ మొదట్లో అలాంటిదే. కాఫీ షాపు బిల్లులు కట్టలేక కూకట్‌పల్లిలో ఒక మెంబర్ ఉండే అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదికి మారాం. వాటర్ ట్యాంకు నీడలో చాపలు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఫ్లాస్కులో టీ. నెలకో పుస్తకం.

సమస్య ఒక్కటే. పన్నెండు మందిమి ఉంటే, పుస్తకం పూర్తిగా చదివి వచ్చేది నలుగురు. మిగతా ఎనిమిది మంది లిఫ్టులో పైకి వస్తూ యూట్యూబ్‌లో రివ్యూ చూసి వస్తారు. వచ్చి, చదివినవాళ్ల కన్నా గట్టిగా మాట్లాడతారు.

దీనికి మందు చెప్పింది మా గ్రూపులో అందరికన్నా పెద్దాయన, రిటైరైన తెలుగు మాస్టారు. "ఇంటి దగ్గర ఎవరూ చదవొద్దర్రా. ఇక్కడికొచ్చి పైకి చదువుదాం. నాటకం పట్టుకుంటే తలా ఒక పాత్ర తీసుకోవచ్చు" అన్నారు. ఏ నాటకం సార్ అని అడిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు. కన్యాశుల్కం.

కొందరి మొహాలు వాడిపోయాయి. స్కూల్లో రెండు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టి వదిలేసిన పేరు కదా. అయినా సరే అన్నాం. ఆ తర్వాత వరసగా ఏడు ఆదివారాలు ఆ టెర్రస్ మీద ఏం జరిగిందో చెప్పాలనే ఈ వారం కాలమ్.

కళ్లకు కష్టం, నోటికి సులువు

ముందు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గురజాడ అప్పారావు రాసిన ఈ నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. ఆయన అక్కడితో ఆగలేదు. దాదాపు మొత్తం తిరగరాసి, ఐదు అంకాల నాటకాన్ని ఏడు అంకాలు చేసి 1909లో మళ్లీ వేశారు. ఇప్పుడు మనందరం చదివేది ఆ రెండోదే. మొత్తం ఆడాలంటే ఒక రాత్రి చాలదు. అందుకే స్టేజీ మీద ఎప్పుడూ కత్తిరించే వేస్తారు. 1955లో వచ్చిన సినిమాలో ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి.

కథ పేరులోనే ఉంది. అప్పట్లో కొన్ని కుటుంబాల్లో పెళ్లికొడుకు ఆడపిల్ల తండ్రికి డబ్బిచ్చి పిల్లను తెచ్చుకునేవాడు. అగ్నిహోత్రావధాన్లు అనే ఆయన తన చిన్నకూతురు సుబ్బిని, లుబ్ధావధాన్లు అనే ముసలి పిసినారికి 1,800 రూపాయలకు ఇచ్చేయడానికి మాట ఇచ్చేస్తాడు. పెద్దకూతురు బుచ్చమ్మకు ముందే అలాంటి పెళ్లి చేసి, ఆమె విధవై ఇంట్లోనే ఉన్నా ఆయనకు బుద్ధి రాలేదు. ఈ పెళ్లి ఆపడానికి సుబ్బి మేనమామ కరటకశాస్త్రి ఒక ఎత్తు వేస్తాడు. తన శిష్యుడికి ఆడపిల్ల వేషం కట్టి ఆ ముసలాయనకే అంటగడతాడు. అక్కడి నుంచి పోలీసులు, కోర్టులు, వకీళ్లు, అబద్ధపు సాక్ష్యాలు... వెబ్ సిరీస్‌కి సరిపోయే సరుకు.

ఫోన్‌లో పీడీఎఫ్ తెరవగానే చాలామంది పది నిమిషాల్లో మూసేస్తారు. కారణం ఉంది. గురజాడ మాటల్ని వ్యాకరణం పుస్తకంలో ఉన్నట్టు రాయలేదు, నోట్లోంచి వచ్చినట్టు రాశారు. 'మ' ఉండాల్సిన చోట ముక్కుతో పలికే 'వ' కనబడుతుంది. 'ఒ' ఉండాల్సిన చోట 'వొ' ఉంటుంది. కంటికి అది రాళ్ల రోడ్డు. పైకి చదివి చూడండి, తారు రోడ్డు అయిపోతుంది. మొదటి ఆదివారం పావుగంట తడబడ్డాం. తర్వాత ఎవరికీ అర్థం అడగాల్సిన అవసరం పెద్దగా రాలేదు. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వచ్చేసరికి, గిరీశం మంచం కింద దూరేసరికి, కింద ఫ్లాటు అంకుల్ పైకొచ్చి "ఏంటమ్మా ఈ గోల" అన్నారు. విషయం చెబితే ఆయన కూడా చాప మీద కూర్చున్నారు. పైగా రామప్పపంతులు పాత్ర నాకివ్వమని అడిగారు.

గిరీశం మన డీఎంలోనే ఉన్నాడు

గిరీశం గురించి మీకు తెలిసే ఉంటుంది. ముక్కముక్కకీ ఇంగ్లీషు దట్టించి, తనకు రాని విద్య లేదన్నట్టు మాట్లాడే కుర్రాడు. మనం టెంగ్లీష్ అని పిలుచుకునే భాషకు వందేళ్ల కిందటే అసలు సిసలు బ్రాండ్ అంబాసిడర్. ఇవాళ పుట్టి ఉంటే పది లక్షల మంది ఫాలోవర్లుండేవాళ్లు, క్రిప్టో కోర్సు అమ్ముతుండేవాడు.

ఇంట్లో ఒక్కళ్లమే చదువుకుంటే వాడిని చూసి నవ్వుకుంటాం. తెలుగువాళ్లు వాడిని ఇన్నేళ్లుగా ముద్దు చేస్తూనే ఉన్నారు. పైకి చదివినప్పుడు మాత్రం తేడా కొట్టింది.

శిష్యుడు వెంకటేశానికి చదువు చెప్పే వంకతో గిరీశం అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో చేరతాడు. అక్కడ బుచ్చమ్మకు వితంతు వివాహం గురించి పాఠాలు చెబుతాడు. మా గ్రూపులో గిరీశం చదివినవాడు మంచి మిమిక్రీ ఆర్టిస్టు. బుచ్చమ్మ చదివింది డిగ్రీ సెకండియర్ అమ్మాయి. అతను పేజీలకు పేజీలు ధారగా మాట్లాడుతున్నాడు. ఆమె మధ్యలో ఒక చిన్న మాట, ఒక చిన్న ప్రశ్న. మళ్లీ అతను. మళ్లీ ఒక చిన్న మాట. మొదట్లో అందరం నవ్వాం. కాసేపటికి నవ్వు దానంతటదే ఆగిపోయింది. అతను చెప్పేవన్నీ మంచి మాటలే: సంస్కరణ, న్యాయం, ఆడవాళ్ల కష్టం. కానీ వాటితో చేస్తున్న పని వేరు.

సీను అయ్యాక ఆ అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి, "ఇతను నా డీఎంలో ఉన్నాడన్నా. నిజంగా. ఫెమినిజం గురించి నాలుగు పోస్టులు పెడతాడు, తర్వాత రాత్రి పన్నెండింటికి మెసేజ్ చేస్తాడు" అంది.

ఎవరూ ఏమీ అనలేదు. ఇద్దరు అమ్మాయిలు మాత్రం తలూపారు. గిరీశం చదివిన మిమిక్రీ కుర్రాడు, "నాకైతే చదువుతుంటే భలే మజా వచ్చింది. అదే భయంగా ఉంది" అన్నాడు. చూశారా! వాడి మాటలు అంత తియ్యగా ఉంటాయి కాబట్టే చెప్పేవాడికి కూడా నోరూరుతుంది. ఆ సంగతి కంటితో చదివితే తెలియదు.

గురజాడకు మాత్రం తెలుసు. సంస్కరణను నిజంగా నమ్మిన సౌజన్యారావు పంతులు చివర్లో బుచ్చమ్మను గిరీశం చేతిలో పెట్టడు. వితంతువుల ఆశ్రమానికి, చదువుకు పంపే ఏర్పాటు చేస్తాడు. చదివేటప్పుడు మా బుచ్చమ్మ చప్పట్లు కొట్టింది.

'నాకెప్పుడూ ఇయ్యేనేటండీ?'

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

మా గ్రూపులో శ్రీకాకుళం జిల్లా కుర్రాడు ఒకడున్నాడు. ఒక కాల్ సెంటర్లో తెలుగు కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం. చేరిన కొత్తలో అతని కాల్స్ విన్న టీం లీడ్ 'ఆ యాస కొంచెం తగ్గించు, న్యూట్రల్‌గా మాట్లాడు' అని ఫీడ్‌బ్యాక్ ఇచ్చాడట. అప్పటి నుంచి మా దగ్గర కూడా టీవీ న్యూస్ చదివినట్టే మాట్లాడేవాడు. ఆచితూచి, ప్రతి అక్షరం కడిగి ఆరేసినట్టు.

మొదటి మూడు వారాలు పాత్రలు పంచింది మాస్టారే. ఈ కుర్రాడికి వరసగా లుబ్ధావధాన్ల ఇంటి నౌకరు అసిరిగాడు, తర్వాత ఇంకేవో చిన్నాచితకా వేషాలు. ఎందుకంటే, 'నీకు ఆ స్లాంగ్ వచ్చు కదా' అని. అతనూ చదివాడు, మేమూ పగలబడి నవ్వాం. నాలుగో వారం మళ్లీ అలాంటిదే ఇవ్వబోతే, అతను నెమ్మదిగా "నాకెప్పుడూ ఇయ్యేనేటండీ?" అన్నాడు.

ఆ ఒక్క వాక్యం అతని సొంత భాషలో వచ్చింది. మా దగ్గర అలా మాట్లాడటం అదే మొదటిసారి.

మాస్టారు సర్దిచెప్పబోయారు. ఈలోగా కరీంనగర్ అక్క అందుకుంది. "సార్, అడిగిన దాంట్ల తప్పేమున్నది? మా భాషను సినిమాలల్ల ఎవ్వరికిచ్చిన్రో మేం చూడలేదా? రౌడీకి, పనోనికి, జోకులేసేటోనికి. హీరో మాత్రం వేరే తెలుగు మాట్లాడ్తడు. ఇక్కడ కూడ గట్లనే చేస్తే ఎట్ల?"

మాస్టారు చాలాసేపు పుస్తకం వంకే చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఆయనే చెప్పారు. ఈ నాటకం బొంకులదిబ్బ దగ్గర మొదలవుతుంది, అంటే విజయనగరం నడిబొడ్డున. అక్కడి నుంచి చుట్టుపక్కల అగ్రహారాలకు, చివరికి విశాఖపట్నానికి వెళ్తుంది. ఇందులో ఉన్నవాళ్లంతా ఆ గాలి పీల్చి పెరిగినవాళ్లే. అగ్రహారం బ్రాహ్మడిది ఒక తీరు, సానిదానిది ఒక తీరు, షావుకారుది, హెడ్డుది, బైరాగిది, నౌకరుది తలా ఒక తీరు. కానీ ఎవరిదీ పుస్తకాల భాష కాదు. "అంటే మనందరిలో ఈ నాటకం మొత్తానికి దగ్గరి చుట్టం నువ్వేరా అబ్బాయ్. నీకు నౌకరు వేషం ఒక్కటే ఇవ్వడమేంటి" అంటూ పుస్తకం అతని చేతిలో పెట్టారు. "అగ్నిహోత్రావధాన్లు చదువు."

అతను చదివాడు. బ్రాహ్మల మాట వేరు, ఇతని ఇంటి మాట వేరు, నిజమే. కానీ ఆ సాగదీత, వాక్యం చివర ఎత్తు, కోపం వచ్చినప్పుడు మాట మీద మాట పడే వేగం... అవి మాలో ఎవరికీ రావు. మేము చదివినప్పుడు అగ్నిహోత్రావధాన్లు జోకరు. ఇతను చదివితే ఆయన నిజంగా ఒక ఇంటి పెద్ద. నిజంగా భయం వేసే తండ్రి. భార్య వెంకమ్మ అడ్డం చెబితే ఆయన ఎందుకంత మండిపడతాడో, ఆవిడ నూతిలో దూకేదాకా ఎందుకు వెళుతుందో అప్పుడు తెలిసింది.

చదవడం అయ్యాక, "మా ఊళ్లో కోపం వస్తే మా తాత ఇలాగే అరిసీవోడండి. నానది ఆపీసులో దాసుకుంటన్నాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. వందేళ్ల కిందట తెలుగులో రాయాలంటే మామూలుగా మాట్లాడే భాష పనికిరాదనేవాళ్లు. పరీక్షలు, పాఠాలు, పుస్తకాలు అన్నీ గ్రాంథికం. దాని మీద కొట్లాడినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన ఇద్దరు, గురజాడ, గిడుగు రామమూర్తి, విజయనగరంలో ఒకే క్లాసులో చదువుకున్న స్నేహితులు. గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. 1914లో మద్రాసు యూనివర్సిటీకి గురజాడ రాసిన అసమ్మతి పత్రం కూడా ఈ కొట్లాటలో భాగమే. ఇవాళ మీరు వాట్సాప్‌లో మాట్లాడినట్టే టైప్ చేస్తున్నారంటే, దాని వెనక ఉత్తరాంధ్ర మనుషులున్నారు. అదే ఉత్తరాంధ్ర కుర్రాడికి మనం హైదరాబాద్‌లో కూర్చుని 'యాస తగ్గించు' అంటున్నాం. ఇంతకన్నా విడ్డూరం ఇంకోటి ఉంటుందా?

తర్వాతి వారం నుంచి మా రూలు మారింది. ఏ అంకానికి ఆ అంకం చీటీలు. ఏ పాత్ర ఎవరికి పడితే వాళ్లు తమ ఇంటి తెలుగులోనే చదవాలి. కరీంనగర్ అక్క గొంతులో మధురవాణిని మీరు వినాల్సింది. నెల్లూరు అబ్బాయి రామప్పపంతులైతే పక్కన అంకుల్ అలిగారు.

అందరికీ చీటీ ఉంది, ఒక్కళ్లకి తప్ప

ఈ చీటీలు రాసేటప్పుడే ఇంకో విషయం బయటపడింది. రాస్తున్నది మా బుచ్చమ్మ, అంటే ఆ డిగ్రీ అమ్మాయి. పాత్రలన్నీ రాసి మడతపెడుతూ, "సుబ్బి పాత్ర ఎవరు చదువుతారు?" అంది.

పేజీలు వెనక్కి ముందుకి తిప్పాం. సుబ్బి పేరు ప్రతి అంకంలోనూ ఎవరో ఒకరి నోట నలుగుతూనే ఉంది. బేరం సుబ్బిది. పెళ్లి సుబ్బిది. నూతిలో దూకడం, ఆడవేషం, కోర్టు కేసు అన్నీ సుబ్బి కోసమే. కానీ ఆ పిల్లకంటూ చెప్పుకోదగ్గ మాటలు లేవు. చీటీ రాయాల్సిన పనే లేదు. 

ఇంట్లో చదివి ఉంటే ఇది తెలిసేదా? నాకైతే అనుమానమే. కథలో సుబ్బి ఉందనే అనుకుని ముందుకు వెళ్లిపోతాం. గొంతులు పంచుకుంటున్నప్పుడే ఎవరికి గొంతు లేదో కనబడింది.

ఆ రోజు మాస్టారు మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట గురించి చెప్పారు. విశాఖ జిల్లాలో మూడేళ్లలో శుల్కం తీసుకుని చేసిన పెళ్లిళ్లకు విజయనగరం మహారాజు ఒక లిస్టు తయారు చేయించారట. లెక్కకు వచ్చినవి 1,034. అందులో 99 మంది పిల్లలకు ఐదేళ్లు. 44 మందికి నాలుగు. 36 మందికి మూడు. ఆరుగురికి రెండు. ముగ్గురికి ఒక్క ఏడాది. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు.

ఆ అంకెలు కూడా పైకే చదివాం. తలా ఒక అంకె. 'ముగ్గురికి ఒక్క ఏడాది' అనే ముక్క రామప్పపంతులు అంకుల్‌కి వచ్చింది. ఆయనకు ఈ మధ్యే మనవరాలు పుట్టింది. చదివి, టీ పోసుకునే నెపంతో లేచి వెళ్లిపోయారు.

'అదంతా అప్పటి సంగతి లెండి' అంటారేమో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూశాం. 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు దేశం మొత్తం మీద 23.3 శాతం. తెలంగాణలో 23.5. ఆంధ్రప్రదేశ్‌లో 29.3. అంటే ఆంధ్రాలో ఆ వయసు ఆడవాళ్లు పదిమంది ఒకచోట కూర్చుంటే దాదాపు ముగ్గురు. ఏడాది పిల్లల పెళ్లిళ్లు పోయాయి, శుల్కం పోయింది. కానీ పెళ్లి ఎప్పుడో, ఎవరితోనో ఆ పిల్లను అడగకపోవడం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

మీరూ మొదలుపెట్టొచ్చు

చాలా మెసేజులు వస్తాయని తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తున్నా. ఖర్చు ఏమీ లేదు. గురజాడ 1915లో పోయారు, కాపీరైట్ గొడవ లేదు, నాటకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందరూ ఒకే కూర్పు తెరవండి, లేకపోతే ఒకరి పేజీ ఇంకొకరికి కలవదు. ఎనిమిది మంది ఉంటే చాలు. వారానికి ఒక అంకం పెట్టుకోండి. మాకు ఒక్కోదానికి గంటన్నర పట్టింది. రంగ సూచనలు చదవడానికి ఒకరిని విడిగా పెట్టండి. 'తెరలోంచి వస్తాడు' లాంటివి పాత్రధారే చదివితే మూడ్ పోతుంది. రిహార్సల్ వద్దు. నటించొద్దు, చదవండి చాలు. నటన దానంతటదే వస్తుంది. మగ పాత్ర, ఆడ పాత్ర అని చూడకండి. ఆ రోజుల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవాళ్లు, ఇప్పుడు లుబ్ధావధాన్లు అమ్మాయి చదివితే కొంపేం మునగదు. కొన్ని మాటలు, కులాల పేర్లు, ఆడవాళ్ల మీద తిట్లు నోటికి రావడం కష్టంగా ఉంటుంది. దాటేయకండి. చదివి, ఆగి, మాట్లాడుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది: ఎవరి యాసనూ సరిచేయొద్దు.

మా తర్వాతి నాటకం కాళ్ళకూరి నారాయణరావు రాసిన వరవిక్రయం. కన్యాశుల్కంలో ఆడపిల్లకు రేటు కడితే, ఇందులో మగపిల్లాడికి కడతారు. బేరం అటు తిరిగిందంతే. కాకపోతే ఇందులో కమల అనే అమ్మాయి ఊరుకోదు. డబ్బు పెట్టి కొన్నాం కాబట్టి ఈ మొగుడు మా సొత్తు అని తిరగబడుతుంది. మాటలకు లోటే లేదు.

మొన్న చీటీలు వేయబోయే ముందు మాస్టారు ఊరికే అడిగారు, "కమల ఎవరు చదువుతారర్రా?" అని. ఆరు చేతులు లేచాయి. అందులో ఒకటి శ్రీకాకుళం కుర్రాడిది.